చిల్గోజా గింజలో అమ్మ వాటా

మా అన్న కొడుకు హిమాచల్‌లోని కిన్నౌర్ కొండలు చూసొస్తూ ఒక పొట్లం చిల్గోజా గింజలు తెచ్చాడు. వాడి ఉద్యోగం బెంగుళూరులో. మొన్న ఆదివారం తెల్లవారుజామున బస్సు దిగి, కాఫీ తాగుతూ, "అత్తా, నువ్వు చదివిన చెట్ల గింజలివి" అని పొట్లం నా ముందు పెట్టాడు. నేను పరిశోధన చేసింది చిర్ పైన్ మీద, ఇది చిల్గోజా పైన్. అయినా వాడికి ఆ మాట గుర్తుండడం నాకెంత సంతోషమో చెప్పలేను.

మా ఇల్లు తిరుపతిలో కపిలతీర్థం రోడ్డుకు దగ్గర. వరండాలో కూర్చుంటే శేషాచలం కొండ రాతి అంచు ఎర్రగా కనిపిస్తుంది. అమ్మ పొద్దుటి ఎండకు అక్కడే కూర్చుంటుంది. ఆమెకు 82 ఏళ్లు. పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండూ పాకాల దగ్గరి పల్లెలే. వానలు మొదలయ్యే ముందు విత్తనపు చెనిక్కాయలు వలవడం ఆ ఇంట్లో పెద్ద పని. మిషన్లో వేస్తే పైపొర చిట్లిపోతుందని విత్తనానికి మాత్రం చేత్తోనే వలిచేవాళ్లు. అమ్మ ఆ పని యాభై ఏళ్లు చేసింది.

గుప్పెడు చిల్గోజాలు చాటలో పోసిచ్చాను. సన్నగా, పొడుగ్గా, కాఫీరంగు డొక్కతో ఉంటాయవి. అమ్మ బొటనవేలి గోటితో ఒకదాని డొక్క ఒలిచి, లోపలి తెల్ల పప్పును అలవాటు కొద్దీ రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపింది. చెనిక్కాయ విత్తనమైతే ఆ నొక్కుకు రెండు బద్దలవ్వాలి. ఇది అవ్వలేదు. ఇంకొకటి నలిపింది. అదీ అంతే.

"ఏమే, దీనికి బద్దల్లేవా?" అంది.

ముప్పై ఏళ్లు ఇదే ఊళ్లో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. వివృతబీజాల (పైన్‌లాగా పండు లేకుండా గింజ కాసే మొక్కల) పాఠం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఆ ప్రశ్న పట్టుకునే ఈ పోస్టు రాస్తున్నాను.

చెనిక్కాయ పప్పంటే మొత్తం బిడ్డే. ఆ రెండు బద్దలు బిడ్డ బీజదళాలు, కొసన ముక్కులా ఉండేది మొలక. గింజ ముదిరేలోపే అంకురచ్ఛదాన్ని, అంటే గింజలో బిడ్డ కోసం ఉంచిన ఆహారాన్ని, పిండం తినేసి, ఆ బలమంతా తన బద్దల్లో దాచుకుంటుంది. అందుకే నలిపితే రెండుగా విడిపోతుంది. పైన్ గింజలో సంగతి వేరు. మనం తినే తెల్లటి పప్పులో ఎక్కువ భాగం బిడ్డ కాదు, తల్లి కట్టిచ్చిన సద్దిమూట. దాన్ని జాగ్రత్తగా నిలువునా చీలిస్తే నడుమ ఒక సన్నటి పుల్ల ఉంటుంది. ఆ పుల్ల కొసన రెండు కాదు, చాలా బీజదళాలు కుచ్చులాగా ముడుచుకుని ఉంటాయి. బిడ్డంటే ఆ పుల్ల.

కొబ్బరికాయలోనూ సద్దిమూట ఉంటుంది కదా అని మావాడు అడిగాడు. ఉంటుంది. కానీ ఆ సద్దిలో నాన్న పిడికిలి కూడా పడింది. కొబ్బరిలాంటి పూల మొక్కల్లో పుప్పొడి నుంచి రెండు పురుషబీజాలు లోపలికి వస్తాయి. ఒకటి అండంతో కలిసి బిడ్డవుతుంది, రెండోది తల్లివైపు కేంద్రకాలు రెండింటితో కలిసి అంకురచ్ఛదమవుతుంది. అమ్మవి రెండు పిడికిళ్లు, నాన్నది ఒకటి. అందుకే దాన్ని త్రయస్థితికం అంటాం. ఈ రెండు ఫలదీకరణల సంగతిని 1898లో రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు నవాషిన్ లిల్లీ జాతి పూలలో కనిపెట్టాడు. పైన్‌లో ఈ రెండోది లేదు. సద్ది మొత్తం అమ్మదే.

అమ్మదే అన్నాను గానీ, అందులోనే అసలు విశేషం ఉంది. తల్లిచెట్టు దగ్గర ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, ఒకటి దాని తల్లి ఇచ్చింది, ఒకటి దాని తండ్రి ఇచ్చింది. గింజగా మారబోయే భాగంలో ఒక కణం క్షయకరణ విభజన (ప్రతులు సగమయ్యే విభజన) చెంది నాలుగవుతుంది. మూడు నశిస్తాయి, ఒకటి మిగులుతుంది. ఆ ఒక్క కణమే పెరిగి పెరిగి వేల కణాల స్త్రీ సంయోగబీజదమవుతుంది. సద్దిమూట అదే. కాబట్టి అందులో తల్లి ప్రతుల్లో ఒక్కొక్కటే ఉంటుంది, తల్లిలో సగం. అది ఏకస్థితికం. బిడ్డకు మూలమైన అండం కూడా ఆ కణజాలంలోంచే పుడుతుంది కనుక, సద్దిలో ఏ సగం ఉందో అండంలోనూ సరిగ్గా ఆ సగమే ఉంటుంది. ఒక గింజలో రెండు మూడు అండాలు తయారైనా అన్నింటికీ అదే వాటా.

అంటే పైన్ గింజ విప్పితే, అమ్మ ఆ బిడ్డకు ఏమిచ్చిందో విడిగా ఒక గిన్నెలో పెట్టినట్టు కనిపిస్తుంది. మెండెల్ బఠాణీల్లో దీన్ని తెలుసుకోవడానికి ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్ది, గింజలు నాటి, మళ్లీ నాటి, ఎనిమిదేళ్లు ఆ తోటలో గడిపాడు. పైన్ చెట్టుకు ఏ సంకరమూ అక్కర్లేదు. అడవిలో నిలబడ్డ ఒక్క చెట్టు కింద ఒక్క శంకువు ఏరుకుంటే చాలు.

ఈ మాట నాకు పుస్తకంలో చదివినప్పుడు అర్థం కాలేదు. చేతులతో తప్పు చేశాకే అర్థమైంది.

1992లో ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ముగించి పరిశోధనకు డెహ్రాడూన్ వెళ్లాను. అంతకుముందు నేను చూసిన చలి తిరుమలలో మార్గశిర మాసపు చలి, అంతే. అక్కడ నాకిచ్చిన పని చిర్ పైన్ గింజల్లోని నిల్వ ప్రోటీన్లు ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ ఎలా మారుతాయో, అవి తల్లినుంచి గింజలకు ఎలా అందుతాయో చూడడం. నిల్వ ప్రోటీన్లంటే మొలక లేచాక మొదటి రోజుల్లో నత్రజని కోసం వాడుకునే సరుకు. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం వాటిలో దండిగా ఉంటుంది, దాంట్లో నత్రజని ఎక్కువ. వాటిలో పెద్ద కుటుంబం లెగ్యుమిన్ వంటి గ్లోబ్యులిన్లు. చెనిక్కాయలో అరాకిన్ అని ఉంటుందే, అదీ ఈ కుటుంబమే. చెనిక్కాయ వంశమూ పైన్ వంశమూ విడిపోయి దాదాపు 30 కోట్ల ఏళ్లు. అయినా గింజకు సద్ది కట్టడానికి రెండూ ఒకే పాత వంటకాన్ని పట్టుకుని ఉన్నాయి. పాకాల పొలంలోంచి వెళ్లిన నాకు ఈ సంగతి తెలిసినరోజు ఆ చలి ఊళ్లో ఒంటరితనం కొంచెం తగ్గింది.

పని ఇలా ఉండేది. గింజలు రాత్రి నీళ్లలో నానబెట్టాలి. పొద్దున డొక్క తీసి, భూతద్దం కింద సూదితో పుల్లను బయటికి లాగేయాలి. మిగిలిన పప్పును చిన్న పింగాణీ కల్వంలో నూరి, అసిటోన్‌తో నూనె వదిలించి, బఫర్‌లో ప్రోటీన్ దించాలి. దానికి ఎస్‌డీఎస్ అనే సబ్బులాంటి పదార్థం, మెర్కాప్టోఇథనాల్ కలిపి మరిగే నీళ్లలో పెట్టాలి. మెర్కాప్టోఇథనాల్ వాసన చీరకు పడితే రెండు ఉతుకులకూ పోదు. అది ప్రోటీన్ ముక్కల మధ్య ఉన్న గంధకపు ముడులు విప్పుతుంది. లెగ్యుమిన్ అప్పుడు ఒక పెద్ద ముక్క, దాదాపు 20 వేల డాల్టన్ల (అణువుల బరువు కొలిచే ప్రమాణం) చిన్న ముక్కగా విడిపోతుంది. తర్వాత 1970లో లేమ్లీ చెప్పిన పద్ధతిలో అక్రిలమైడ్ జెల్ పోసి, దువ్వెన గుచ్చి గుంతలు చేసి, ఒక్కో గుంతలో ఒక్కో గింజ రసం వేసి కరెంటు పెట్టేవాళ్లం. చిన్న ముక్కలు ముందు పరుగెత్తుతాయి, పెద్దవి వెనకబడతాయి. కూమాసీ బ్లూలో రాత్రంతా రంగు వేసి, మర్నాడు రంగు కడిగితే నీలం గీతలు తేలతాయి. ఆ గీతలనే బ్యాండ్లంటాం.

మా గైడుగారు మొదటిరోజే చెప్పారు: పుల్ల తీయకుండా నూరొద్దు. నేను విన్నాను. కానీ చిర్ పైన్ గింజ చిన్నది, పుల్ల ఇంకా చిన్నది, నా చేతిలో అది మాటిమాటికీ విరిగిపోయేది. రోజుకు పది గింజలు కూడా అయ్యేవి కావు. పప్పు ముందు ఆ పుల్లెంత, దాని ప్రోటీనెంత అనుకుని ఒక మూడు వారాలపాటు మొత్తం గింజలే నూరేశాను.

వచ్చిన జెల్లు చూస్తే దిక్కు తోచలేదు. ఒకే చెట్టు గింజలు. కొన్నిటిలో ఒక గీత పైన, కొన్నిటిలో అదే గీత కొంచెం కింద. కొన్నిటిలో రెండూ ఉన్నాయి, ఒకటి ముదురుగా, ఒకటి లేతగా. ఆ లేత గీత ఒక గింజలో ఉంటుంది, పక్కదానిలో ఉండదు. నిష్పత్తి ఏ లెక్కకూ అందలేదు. రంగు సరిగ్గా కడగలేదేమో అనుకుని లేత గీతల్ని నోటుబుక్కులో రాయడమే మానేశాను. అది రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది. ఆ లేత గీతలే తండ్రులు. గాలికి కొట్టుకొచ్చిన పుప్పొడి ఏ చెట్టుదో తెలియదు, గింజకొక తండ్రి ఉండొచ్చు. వాళ్ల వాటా ఆ పుల్లలో ఉంది, నేను తల్లి సద్దిలో కలిపి నూరేశాను.

మళ్లీ మొదలుపెట్టాను. అదే చెట్టు, 24 గింజలు. ఈసారి ఒక్క పుల్ల కూడా లోపల మిగలనివ్వలేదు, విరిగితే ఆ గింజ పారేశాను. రెండు జెల్లు. రంగు కడిగి లైట్ బాక్సు మీద పెట్టిన సాయంత్రం ఇప్పటికీ కళ్లముందుంది. ప్రతి గుంతలోనూ ఒకే గీత. పైదైనా ఉంది, కిందిదైనా ఉంది, రెండూ కలిసి ఒక్కదానిలోనూ లేవు. లెక్కపెట్టాను: 13 పైన, 11 కింద. సగం సగం. తల్లిచెట్టు ఆ జన్యువుకున్న రెండు ప్రతుల్ని ఒక్కో గింజకు ఒక్కోటిగా పంచిన పంపకం, మధ్యవర్తి లేకుండా, నా కళ్లతో చూశాను. లాబ్‌లో అప్పటికి ఎవరూ లేరు. చెప్పుకోవడానికి మనిషి లేక హాస్టలుకొచ్చి నాయనకు ఇన్‌లాండ్ కాగితం మీద జాబు రాశాను.

ఇలాంటి పని చేసేవాళ్లకు అక్కరకొచ్చే చిన్న లెక్క ఒకటి ఇక్కడ రాస్తాను. ఒక చెట్టులో ఫలానా జన్యువుకు రెండు రకాల ప్రతులున్నాయో లేదో తెలియాలంటే ఎన్ని గింజలు చూడాలి? రెండు రకాలున్న చెట్టు కూడా అదృష్టవశాత్తూ చూసిన గింజలన్నిటికీ ఒకే రకం ఇచ్చి ఉండొచ్చు. ఆరు గింజలు చూస్తే అలా మోసపోయే అవకాశం 32లో ఒకటి. పది చూస్తే 512లో ఒకటి. విద్యార్థులు గింజలకు పిసినారితనం చేయకూడదని నేను బోర్డు మీద ఎప్పుడూ ఈ లెక్కే వేసేదాన్ని. ఇంకో సుఖం, రెండు వేర్వేరు బ్యాండ్లు గింజ తర్వాత గింజలో విడవకుండా జంటగా వస్తుంటే వాటి జన్యువులు ఒకే క్రోమోజోము మీద పక్కపక్కనే ఉన్నాయని అర్థం. అప్పుడప్పుడూ విడిపోతుంటే ఎన్నిసార్లు విడిపోయాయో చూసి దూరం చెప్పొచ్చు. ఏకస్థితికం కావడంవల్ల అది లెక్కపెట్టడమే, ఊహించడం కాదు.

ఇక తండ్రి. సద్దిని ఒక గుంతలో, దాని పుల్లను పక్క గుంతలో వేస్తే, సద్దిలో ఉన్నది అమ్మ ఇచ్చింది. పుల్లలో ఉన్నదాంట్లోంచి దాన్ని తీసేస్తే మిగిలేది నాన్న ఇచ్చింది. ఏ చెట్టో తెలియకపోయినా దాని పుప్పొడి ఏం మోసుకొచ్చిందో తెలుస్తుంది. పైన్ చెట్లలో పుప్పొడి పడ్డాక దాదాపు ఏడాది ఆగి గాని ఫలదీకరణ జరగదు. ఏడాది కిందట గాలిలో ఏముండేదో ఒక పుల్ల చెబుతుంది.

ఇదంతా అమ్మకు చెప్పాను, సద్దిమూట మాటల్లోనే. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని విన్నది. విని, "అప్పుడు డెహ్రాడూన్ నుంచి రాసిన జాబులో ఉండేది ఇదేనా? అమ్మ సగం, అమ్మ సగం అని మీ నాయన సదివినాడు. నాకేం తెలీలా, ఆయనకూ తెలీలా. అయినా రెండుసార్లు సదివించుకున్నా" అంది.

ఆ జాబు ఇంట్లో చదివారని నాకు తెలుసు. రెండుసార్లని తెలియదు. నాయన పోయి పద్నాలుగేళ్లయింది.

ఒకే చెట్టు గింజల్లో ఇంత తేడా ఉంటే చెట్టుకూ చెట్టుకూ ఎంత ఉండాలి? చాలా ఉంటుంది. 1970ల నుంచి ఎంజైముల మీద, ప్రోటీన్ల మీద జరిగిన పనంతా కలిపి చూస్తే, గాలికి పుప్పొడి వదిలే ఈ చెట్లలో ఒక జాతికున్న వైవిధ్యంలో తొంభై శాతం పైగా సాధారణంగా ఒక్కొక్క అడవిలోపలే దొరుకుతుంది. ఒక అడవికీ ఇంకో అడవికీ మధ్య తేడా కొంచెమే. దీనికి ఎదురుగా నిలిచేవి రెండు పైన్లు నన్నెప్పుడూ వెంటాడుతుంటాయి. ఒకటి ఉత్తర అమెరికా ఎర్ర పైన్, వెయ్యి మైళ్లకు మించి పరుచుకున్న జాతి, అయినా వైవిధ్యం దాదాపు శూన్యం. రెండోది కాలిఫోర్నియా టోరీ పైన్. ప్రపంచంలో రెండే చోట్ల ఉంది, శాన్ డియాగో దగ్గర సముద్రతీరంలో, శాంటా రోసా ద్వీపంలో. 1983లో లెడిగ్, కాంకుల్ అనే పరిశోధకులు దాని 59 జన్యుస్థానాలు (క్రోమోజోముల మీద జన్యువులుండే చోట్లు) చూశారు. తీరంలోని చెట్లన్నీ ఒకటే నకలు, ద్వీపంలోనివన్నీ ఒకటే నకలు, ఈ రెంటి మధ్య తేడా రెండే రెండు స్థానాల్లో. ఏ గింజ విప్పినా అదే గీత. ఒకప్పుడు బాగా తగ్గిపోయి కొద్ది చెట్లుగా మిగిలిన జాతి తన వైవిధ్యాన్ని అలా పోగొట్టుకుంటుంది. తిరిగి రావడానికి ఎన్ని తరాలు పడుతుందో.

ఆ టోరీ పైన్ గురించి చదివిన ప్రతిసారీ నా చూపు వరండాలోంచి కనిపించే కొండ మీదికి పోతుంది. శేషాచలంలో సహజంగా పెరిగే కోనిఫర్, అంటే పైన్ లాంటి చెట్టు, ఒక్కటీ లేదు. సముద్రపు ఒడ్డు తోటల్లో చూసే సరుగుడును పిల్లలు పైన్ అంటుంటారు గానీ అది పూలమొక్క, సూదుల్లా కనిపించేవి కొమ్మలు. దక్షిణాదిలో సహజమైన కోనిఫర్ అంటే పశ్చిమ కనుమల నాగియా ఒక్కటే. కానీ మన కొండ మీద కోనిఫర్లకు చుట్టమొకటి ఉంది, పేరిత అంటారు. సైకాస్ బెడ్డోమీ. బ్రిటిష్ కాలపు అటవీ అధికారి బెడ్డోమ్ కడప కొండల్లో సేకరించినదాన్ని 1883లో డయ్యర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు బెడ్డోమ్ పేరుతోనే వర్ణించాడు. తిరుమల కొండలు, కడప కొండలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మందుల కోసం మగ శంకువులు కోసుకుపోతారు, ఎండాకాలం అడవికి నిప్పు పడితే లేత మొక్కలు మాడిపోతాయి. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో దీన్ని మొదటి అనుబంధంలో పెట్టారు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ.

పేరిత గింజలోనూ సద్దిమూట అమ్మదే, అమ్మలో సగమే, సరిగ్గా పైన్‌లో లాగానే. ఒక ఆడ మొక్క గింజలు పది చాలు, ఆ తల్లి దగ్గర ఎంత వైవిధ్యం ఉందో చెప్పడానికి. ఈ కొండల మీది పేరిత టోరీ పైన్ దారిలో ఉందా, లేక పాత సంపద ఇంకా దాచుకుని ఉందా అని తెలుసుకోవాలన్న కోరిక నాకు ఇరవై ఏళ్లుగా ఉంది. అయినా ఒక్క గింజ కూడా ముట్టుకోలేదు. అనుమతి సంగతి ఒకటి. అంతకుమించి, పది గింజలు నూరితే పది మొలకలు పోతాయి. పిల్లలను శ్రీవారి మెట్టు వైపు తీసుకెళ్లి, ఆడ మొక్క నడినెత్తిన ఈకల్లాంటి ఆకుల అంచుల్లో కాసిన గింజలు దూరం నుంచి చూపించి, లోపల ఏముంటుందో మాటల్లో చెప్పి వెనక్కి తీసుకొచ్చేదాన్ని. ఇప్పుడు ఆకు ముక్కలోంచే డీఎన్‌ఏ చదవొచ్చు, గింజ అక్కర్లేదు. ఈ ఊళ్లో వృక్షశాస్త్రం చదివే పిల్లలెవరైనా దీన్ని చదువుతుంటే, అటవీశాఖ అనుమతితో ఆ పని చేయండి. పద్ధతి గురించి ఏం అడిగినా నాకు తెలిసినంత చెబుతాను, నా పాత నోటుబుక్కులు కూడా ఇస్తాను.

నేను కొండవైపు చూస్తూ ఇదంతా మావాడికి చెబుతుండగా అమ్మ పని ఆపలేదు. పూలు కుట్టే సూది తెప్పించుకుంది. పప్పును గోటితో నిలువునా చీల్చి, సూది మొనతో పుల్లను కొసనుంచి ఎత్తి, విరగకుండా బయటికి తీసింది. నాకు నెలలు పట్టిన పని. చాటలో ఒక పక్క తెల్ల పప్పు, ఒక పక్క పుల్లలు, ఆరు గింజలవి వరసగా పేర్చి పెట్టింది.

ఏడోది చేతిలోకి తీసుకుంటూ, "ఇయ్యి మొలుస్తాయా?" అంది.

"వేయించినవమ్మా, మొలవవు."

"పచ్చివి తెమ్మని చెప్పు వానికి."